జిమ్మీ హోఫా అదృశ్యం

అమెరికా లారీ డ్రైవర్ల సంఘానికి పద్నాలుగేళ్లు అధ్యక్షుడిగా ఉన్న జేమ్స్ రిడిల్ హోఫా 1975 జూలై 30, బుధవారం మధ్యాహ్నం డెట్రాయిట్ నగర శివారులో ఒక రెస్టారెంటు దగ్గర నుంచి కనిపించకుండా పోయాడు. అప్పటికి ఆయన వయసు 62. శవం దొరకలేదు. హత్యానేరం ఎవరి మీదా మోపలేదు. ఇది మాఫియా పనేనని కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఆరు నెలల్లోనే ఒక అంచనాకు వచ్చింది. ఇన్నేళ్లుగా ఆ అంచనా పెద్దగా మారనూ లేదు, కోర్టు గుమ్మం ఎక్కనూ లేదు. ఊరందరికీ తెలిసి, కోర్టుకు మాత్రం తెలియని నేరాల్లో ఇది బహుశా అన్నిటికన్నా ప్రసిద్ధమైనది.

హమాలీ నుంచి అధ్యక్షుడి దాకా

హోఫా 1913 ఫిబ్రవరి 14న ఇండియానా రాష్ట్రంలో బ్రెజిల్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి బొగ్గు గని పనివాడు. హోఫాకు ఏడేళ్లప్పుడే తండ్రి చనిపోయాడు. 1924లో తల్లి పిల్లల్ని తీసుకుని కార్ల ఫ్యాక్టరీల ఊరైన డెట్రాయిట్ చేరింది. కుర్రాడి చదువు బడితోనే ఆగిపోయింది. కిరాణా సరుకుల గోదాములో హమాలీ పనికి కుదిరాడు. గంటకు 32 సెంట్ల కూలి. అదీ బండి దిగుమతి చేసినంతసేపే. సరుకు వచ్చేదాకా గోదాములో కాచుకుని కూర్చున్న గంటలకు పైసా ఉండేది కాదు.

1931లో ఒక రాత్రి ఆ గోదాముకు స్ట్రాబెర్రీల లోడు వచ్చింది. సగం దించాక కుర్రాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. స్ట్రాబెర్రీ ఎండకో వేడికో గంటల్లో పాడైపోయే సరుకు. యజమానులకు ఆలోచించుకునే వ్యవధి లేదు, మాట్లాడటానికి దిగివచ్చారు. బేరం ఎప్పుడు మొదలుపెట్టాలో హోఫాకు ఆ రాత్రే తెలిసిందనుకోవాలి. తర్వాతి జీవితమంతా ఆయన ఆ ఒక్క కిటుకునే పెద్ద పెద్ద లోడ్ల మీద ప్రయోగించాడు.

ఏడాది తిరిగేసరికి ఆయన టీమ్‌స్టర్స్ సంఘంలో పూర్తికాలం పని మొదలుపెట్టాడు. టీమ్‌స్టర్ అంటే గుర్రాల జతను తోలే బండివాడు. 1903లో గుర్రపు బళ్ల వాళ్లకోసం పుట్టిన సంఘం అది. లారీలొచ్చాక పేరు మారలేదు, ముద్రలోని గుర్రపు తలలూ మారలేదు. డెట్రాయిట్‌లోని 299వ స్థానిక శాఖ హోఫా సొంత గడ్డ. 1957లో సంఘానికి జాతీయ అధ్యక్షుడయ్యాడు. 1964 జనవరిలో దేశంలోని లారీ కంపెనీల్లో చాలావాటిని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, నాలుగు లక్షలకు పైగా డ్రైవర్లకు వర్తించే ఒకే వేతన ఒప్పందం మీద సంతకాలు పెట్టించాడు. అప్పటిదాకా ఊరికో రేటు, కంపెనీకో రేటుగా బతికిన డ్రైవర్ల ఇళ్లలో హోఫా పటం ఎందుకు ఉండేదో ఈ ఒప్పందం తెలిస్తేగాని అర్థం కాదు. ఆయన్ని ఉత్త గూండాగా చూపే కథనాలు ఈ ఘట్టాన్ని దాటేస్తాయి.

అలాగని ఆయన చేతులకు మట్టి అంటలేదని కాదు. సమ్మెల్లో యజమానులు రౌడీలను దించితే, వాళ్లకు జవాబు చెప్పే రౌడీలను హోఫా తెచ్చుకున్నాడు. వచ్చినవాళ్లు సమ్మె ముగిశాక వెళ్లిపోలేదు. సెంట్రల్ స్టేట్స్ పింఛను నిధి సంగతీ అంతే. డ్రైవర్ల ముసలితనానికి దాచిన ఆ సొమ్ము మాఫియా అండ ఉన్న లాస్ వేగాస్ జూదశాలలకు అప్పులుగా వెళ్లింది. కంచే చేను మేసింది. మేస్తున్నంతకాలం ఇరువైపులా స్నేహమే.

కెనడీతో వైరం, జైలు

1957లో సెనేట్ వేసిన మెక్లెల్లన్ కమిటీ సంఘాల్లో అవినీతిని విచారించింది. దానికి ముఖ్య న్యాయవాది రాబర్ట్ కెనడీ. ఇద్దరికీ మొదటి చూపులోనే పడలేదు. హోఫా మీద నడుస్తున్న లంచం కేసులో ఆయన తప్పించుకుంటే పార్లమెంటు భవనం మీంచి దూకేస్తానని కెనడీ అన్నాడు. హోఫా నిర్దోషిగా బయటపడ్డాక ఆయన వకీలు కెనడీకి పారాచూట్ పంపుతానన్నాడు. అదే ఏడాది డిసెంబరులో టీమ్‌స్టర్స్‌ను జాతీయ కార్మిక సమాఖ్య వెలివేసింది. 1961లో కెనడీ అటార్నీ జనరల్ అయి, న్యాయశాఖలో హోఫా కోసమే ఒక జట్టును కూర్చాడు. దానికి బయటివాళ్లు పెట్టిన పేరు ‘హోఫాను పట్టే దళం’.

దళం పట్టింది. 1962లో నాష్‌విల్‌లో నడిచిన కేసులో జ్యూరీ సభ్యులను కొనబోయాడన్న నేరానికి 1964 మార్చిలో ఎనిమిదేళ్ల శిక్ష పడింది. అదే ఏడాది జూలైలో పింఛను నిధి మోసం కేసులో మరో ఐదేళ్లు. మొదటి కేసులో ముఖ్య సాక్షి సంఘంలోని మనిషే, లోపలుండి ప్రభుత్వానికి కబుర్లు చేరవేసినవాడు. అలాంటి సాక్ష్యం చెల్లుతుందని 1966లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. హోఫా పేరుతోనే ఉన్న ఆ తీర్పును అక్కడి న్యాయ విద్యార్థులు నేటికీ చదువుతారు. లోపలి మనిషి నోరు విప్పితే ఎంతటివాడైనా కూలుతాడన్న ఈ సంగతి ముందుముందు మళ్లీ వస్తుంది.

1967 మార్చి 7న హోఫా పెన్సిల్వేనియాలోని లూయిస్‌బర్గ్ కేంద్ర కారాగారంలో అడుగుపెట్టాడు. తన కుర్చీని నమ్మకమైన అనుచరుడు ఫ్రాంక్ ఫిట్జ్‌సిమన్స్‌కు అప్పగించి వెళ్లాడు. అదే జైల్లో న్యూజెర్సీ శాఖ నాయకుడు, జెనోవీస్ మాఫియా ముఠా ముఖ్యుల్లో ఒకడు ఆంథొనీ ప్రొవెంజానో ఉన్నాడు. బయట మిత్రులైన ఈ ఇద్దరూ జైల్లో పింఛను విషయమై బద్ధ శత్రువులయ్యారు. శిక్ష పడినందువల్ల ప్రొవెంజానోకు పింఛను ఆగిపోయింది, హోఫా సాయపడలేదు, లేదా సాయపడలేకపోయాడు.

1971 డిసెంబరు 23న అధ్యక్షుడు నిక్సన్ శిక్ష తగ్గించి హోఫాను విడుదల చేశాడు. అందులో ఒక మెలిక ఉంది: 1980 మార్చి దాకా ఏ సంఘం నిర్వహణలోనూ వేలు పెట్టకూడదు. మరుసటి ఏడాది ఎన్నికల్లో టీమ్‌స్టర్స్ సంఘం నిక్సన్‌కు మద్దతు ప్రకటించింది. ఫిట్జ్‌సిమన్స్ తన కుర్చీ కాపాడుకోవడానికే ఆ మెలిక పెట్టించాడని హోఫా చివరిదాకా నమ్మాడు. దాన్ని కొట్టేయమని కోర్టుకెక్కి 1974లో ఓడాడు, అప్పీలు వేశాడు.

మాఫియాకు మాత్రం ఫిట్జ్‌సిమన్స్ హయామే సుఖంగా ఉంది. హోఫా అప్పు ఇవ్వాలంటే బేరమాడేవాడు. ఫిట్జ్‌సిమన్స్ అడిగినవాళ్లకు కాదనేవాడు కాదు. పైగా తాను తిరిగివస్తే ముఠాల బాగోతం బయటపెడతానని హోఫా బాహాటంగా అంటున్నాడు. తాను పెంచిన పులినే తరిమేస్తానంటున్నాడన్న మాట. 1975 జూలై 10న డెట్రాయిట్‌లో ఫిట్జ్‌సిమన్స్ కొడుకు కారు బాంబు పేలి తునకలైంది. అప్పుడు కారులో ఎవరూ లేరు. మూడు వారాలు తిరక్కుండానే హోఫా మాయమయ్యాడు.

ఆ మధ్యాహ్నం

జూలై 30న లేక్ ఓరియన్‌లోని తన ఇంటి నుంచి హోఫా మధ్యాహ్నం ఒంటిగంట దాటాక బయల్దేరాడు. ముదురు నీలం పొట్టి చేతుల చొక్కా, నీలం ప్యాంటు, ఎప్పుడూ వేసుకునే తెల్ల మేజోళ్లు. దారిలో పాంటియాక్‌లో ఒక పాత మిత్రుడి ఆఫీసు దగ్గర ఆగాడు. మిత్రుడు భోజనానికి వెళ్లాడు. అక్కడి ఉద్యోగులతో రెండు మాటలు మాట్లాడి ముందుకు సాగాడు.

వెళ్లాల్సిన చోటు బ్లూమ్‌ఫీల్డ్ టౌన్‌షిప్‌లో టెలిగ్రాఫ్ రోడ్డు మీద మాకస్ రెడ్ ఫాక్స్ రెస్టారెంటు. సమయం రెండు గంటలు. ఇంట్లో దొరికిన ఆయన చేతిరాతలో ‘టీజీ’ అన్న పొడి అక్షరాలు, గంట, రెస్టారెంటు పేరు ఉన్నాయి. టీజీ అంటే టోనీ జాకలోన్, డెట్రాయిట్ ముఠాలో పెద్ద తలకాయ. ప్రొవెంజానో కూడా వస్తాడని, ఇద్దరి మధ్య రాజీ కుదురుస్తానని జాకలోన్ పిలిచాడని హోఫా తన వాళ్లకు చెప్పాడు. ఆ రెస్టారెంటులోకి కోటూ టై లేనిదే రానివ్వరు. హోఫా వేషం చూస్తే లోపల భోజనానికి కూర్చునే ఉద్దేశం ఉన్నట్టు లేదు. అక్కణ్నుంచి మరోచోటికి వెళ్లడమే ఏర్పాటు కావచ్చు.

రెండుంబావు దాటాక రెస్టారెంటు వెనక హార్డ్‌వేర్ దుకాణం దగ్గరున్న పబ్లిక్ ఫోను నుంచి భార్య జోసెఫిన్‌కు ఫోను చేశాడు. జాకలోన్ రాలేదని విసుక్కున్నాడు. నాలుగింటికల్లా ఇంటికి వస్తానని, రాత్రికి మాంసం తానే కాలుస్తానని చెప్పాడు. జీవితమంతా ఇతరులను వేచి ఉండేలా చేసి గెలిచిన మనిషి, ఆ రోజు పార్కింగ్ స్థలంలో అటూ ఇటూ పచార్లు చేస్తూ ఎదురుచూడటం కొందరు చూశారు. పలకరించినవాళ్లకు చేయి కలిపాడు కూడా. ఒక ముదురు ఎరుపు మెర్క్యురీ కారు వెనక సీట్లో మరికొందరితో హోఫాను చూశానని ఒక లారీ డ్రైవరు తర్వాత చెప్పాడు. ఆయన గురించి నమ్మదగ్గ సమాచారం అక్కడితో సరి.

మర్నాడు పొద్దున్నే మిత్రుడు వెళ్లి చూస్తే హోఫా ఆకుపచ్చ పాంటియాక్ కారు అక్కడే ఉంది. తాళం వేసి లేదు. పెనుగులాట జాడల్లేవు. ఆ సాయంత్రం కుటుంబం పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. ఆచూకీ చెప్పినవారికి రెండు లక్షల డాలర్ల బహుమానం ప్రకటించారు. అది పుచ్చుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు.

చేప రక్తం

అసలు సమావేశమే అనుకోలేదని జాకలోన్, ప్రొవెంజానో ఇద్దరూ అన్నారు. జాకలోన్ ఆ మధ్యాహ్నమంతా సౌత్‌ఫీల్డ్‌లోని క్లబ్బులో పదిమంది కళ్లెదుట తిరుగుతూ గడిపాడు. ప్రొవెంజానో న్యూజెర్సీలో సంఘం మనుషులతో పేకాడుతున్నాడు. మరీ ఇంత పకడ్బందీ సాక్ష్యాలు అమాయకుల దగ్గర అరుదుగా ఉంటాయని దర్యాప్తు అధికారులు అనుకోవడంలో వింత లేదు.

మెర్క్యురీ కారు జాకలోన్ కొడుకుది. ఆ రోజు దాన్ని బదులు తీసుకున్నవాడు చకీ ఓబ్రయన్. హోఫా ఇంట్లో కొడుకులా పెరిగి, సంఘంలో ఉద్యోగం చేస్తున్న మనిషి. వెనక సీటు మీద రక్తపు మరకలున్నాయి. ఒక సంఘ నాయకుడి ఇంటికి నలభై పౌండ్ల సాల్మన్ చేపను చేరవేశానని, పెట్టె కారిందని ఓబ్రయన్ చెప్పాడు. పరీక్షిస్తే నిజంగా చేప రక్తమే. కానీ ఆగస్టు 21న తీసుకొచ్చిన పోలీసు కుక్కలు ఆ కారులో హోఫా వాసన పట్టాయి. 2001లో డీఎన్‌ఏ పరీక్ష కారులో దొరికిన వెంట్రుక హోఫాదేనని తేల్చింది. ఏళ్ల పరిచయం ఉన్నవాళ్ల కారులో వెంట్రుక దొరకడం ఆ రోజే ఎక్కాడనడానికి రుజువు కాదు. మరుసటి ఏడాది స్థానిక ప్రాసిక్యూటరు కేసు పెట్టడానికి ఇది చాలదని తేల్చేశాడు.

ఓబ్రయన్ మీద అనుమానం చచ్చేదాకా పోలేదు. 2020లో చనిపోయాడు. అతని సవతి కొడుకు, హార్వర్డ్ న్యాయశాస్త్ర ఆచార్యుడు జాక్ గోల్డ్‌స్మిత్ 2019లో రాసిన పుస్తకంలో, కేసు తెలిసిన ఎఫ్‌బీఐ అధికారులే ఓబ్రయన్ నిర్దోషి అన్న నమ్మకానికి వచ్చారని వాదించాడు. పెంచిన తండ్రిని అప్పగించినవాడన్న మచ్చతో నలభై అయిదేళ్లు బతకడం, అది నిజం కాకపోతే, ఈ కథలో రెండో నేరం.

1976 జనవరిలో ఎఫ్‌బీఐ అధికారులు తమ ప్రధాన కార్యాలయంలో కూర్చుని తెలిసినదంతా ఒక పత్రంగా రాసుకున్నారు. ‘హోఫెక్స్ మెమో’గా పేరుపడ్డ ఆ పత్రంలో ప్రొవెంజానో, అతని మనుషులైన బ్రిగూలియో, ఆండ్రెటా సోదరులు, పెన్సిల్వేనియా ముఠా నాయకుడు రస్సెల్ బఫలీనో, అతని అనుచరుడు ఫ్రాంక్ షీరన్ వంటివారి పేర్లున్నాయి. అనుమానితులను గ్రాండ్ జ్యూరీ ముందుకు పిలిస్తే, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కర్లేని రాజ్యాంగ హక్కును అడ్డుపెట్టుకుని ఒక్కరూ నోరు మెదపలేదు. వాళ్లలో పలువురు తర్వాత వేరే నేరాలకు జైలుకు వెళ్లారు. జాకలోన్ పన్ను ఎగవేత కేసులో చిక్కాడు.

తవ్వకాలు

శవం ఎక్కడన్నది అమెరికాలో ఒక జానపద కథలా పెరిగింది. ఎక్కువమంది విన్నది న్యూజెర్సీలోని జెయింట్స్ స్టేడియం కింద పూడ్చారన్న మాట. 1989లో ఒక కిరాయి హంతకుడు పత్రికకు చెప్పిన కథ అది. 2010లో స్టేడియాన్ని కూల్చినప్పుడు ఏమీ బయటపడలేదు. ముఠా మనుషులకు చెందిన చెత్త కంపెనీ కొలిమిలో కాల్చేశారన్నది మరో వాదన. అది నిజమైతే వెతకడానికి ఏమీ మిగలదు గనుక దాన్ని ఎవరూ కాదనలేరు, అవుననలేరు.

2006 మేలో ఎఫ్‌బీఐ మిషిగన్‌లోని మిల్ఫర్డ్ టౌన్‌షిప్‌లో ఒక గుర్రాల ఫారం మీద పడింది. పెద్ద కొట్టాన్ని కూలగొట్టి రెండు వారాలు తవ్వారు. ఆ రోజుల్లో ఆ ఊరి బేకరీలో చాక్లెట్ కేకుల మధ్యనుంచి ఆకుపచ్చ ప్లాస్టిక్ చెయ్యి పైకి పొడుచుకొచ్చినట్టు చేసి ‘హోఫా కేకు’ అని అమ్మారు. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. ఇక్కడ ఎలుకా దొరకలేదు. 2012లో రోజ్‌విల్‌లో ఒక ఇంటి వాకిట్లో నేలను తొలిచి మట్టి తీశారు, 2013లో ఓక్లాండ్ టౌన్‌షిప్ పొలంలో మూడు రోజులు వెతికారు. చివరిగా న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో, పులాస్కీ స్కైవే వంతెన పక్కన పాత చెత్త దిబ్బ. శవాన్ని ఉక్కు పీపాలో పెట్టి అక్కడ పూడ్చారని చెత్త దిబ్బ పనివాడు ఒకడు మరణశయ్య మీద కొడుక్కి చెప్పాడట. 1978 నుంచి ఈ కేసు మీద పుస్తకాలు రాస్తున్న పాత్రికేయుడు డాన్ మోల్డియా దాన్ని వెలుగులోకి తెచ్చాడు. 2022 జూన్‌లో ఎఫ్‌బీఐ అక్కడా వెతికింది. సాక్ష్యంగా పనికొచ్చేదేమీ దొరకలేదని జూలైలో ప్రకటించింది.

ఒప్పుకోళ్లకూ కొదవ లేదు. వాటిలో పేరు పొందింది ఫ్రాంక్ షీరన్‌ది. డెట్రాయిట్‌లోని ఒక ఇంట్లో హోఫాను తానే కాల్చానని అతను చెప్పిన కథ, అతను పోయిన మరుసటి ఏడాది, 2004లో పుస్తకమైంది. 2019లో మార్టిన్ స్కోర్సేసీ దాన్ని ‘ది ఐరిష్‌మన్’ సినిమాగా తీశాడు. మన ఇళ్లలో నెట్‌ఫ్లిక్స్‌లో చూసి హోఫా కథ తెలిసిందనుకున్నవారు చాలామంది ఉంటారు. షీరన్ చెప్పిన ఇంటి నేల చెక్కల మీది రక్తాన్ని పరీక్షిస్తే అది హోఫాది కాలేదు. సినిమాగా గొప్పది, సాక్ష్యంగా తేలిపోయింది.

శవం లేని మరో కేసు

శవం దొరకకపోవడమే ఈ కేసు నిలవకపోవడానికి కారణమని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ప్రొవెంజానో కథే దానికి జవాబు. అతని న్యూజెర్సీ శాఖలోనే 1961 జూన్‌లో ఆంథొనీ కాస్టెలిటో అనే ప్రత్యర్థి నాయకుడు మాయమయ్యాడు. ఆ శవం కూడా దొరకలేదు. పదిహేనేళ్లు గడిచాక, ఆ పథకంలో పాలుపంచుకున్న ఒక మనిషి ముందుకొచ్చి జరిగింది చెప్పాడు. 1978లో జ్యూరీ ప్రొవెంజానోను హత్యకు దోషిగా తేల్చింది. యావజ్జీవ శిక్ష పడింది. 1988లో కాలిఫోర్నియాలో ఖైదీగా ఉండగానే చనిపోయాడు.

అదే కేసులో ఇంకో నిందితుడు సాల్వటోర్ బ్రిగూలియో, హోఫెక్స్ పత్రంలో హోఫా హత్యకు సంబంధించి బలంగా అనుమానించిన పేరు. విచారణకు ముందే 1978 మార్చిలో న్యూయార్క్ లిటిల్ ఇటలీ వీధిలో అతన్ని కాల్చి చంపారు. అతను అధికారులతో మాట్లాడుతున్నాడన్న అనుమానమే కారణమని చెబుతారు. పొలాలూ వాకిళ్లూ తవ్వినదానికన్నా ఆ వీధిలో పోయిన ప్రాణమే ఈ కేసుకు పెద్ద దెబ్బ. కేసుకు కావలసింది ఎముకలు కాదు, నోరు విప్పే మనిషి. అలాంటివాడు ఒక్కడు దొరికి ఉంటే కాస్టెలిటో తీర్పులాంటిదే హోఫాకూ వచ్చేది.

తర్వాత

ఏడేళ్లు ఎవరికీ కనబడని, వినబడని మనిషిని చనిపోయినట్టు భావించడం మన సాక్ష్య చట్టంలోనూ ఉన్న పద్ధతే. మిషిగన్ కోర్టు కూడా 1982లో హోఫా మరణించినట్టు ప్రకటించింది. భార్య జోసెఫిన్ ఆ ప్రకటన చూడకుండానే 1980లో కన్నుమూసింది. కూతురు బార్బరా జడ్జి అయింది, తండ్రి కేసు దస్త్రాల కోసం ఏళ్ల తరబడి ప్రభుత్వంతో పోరాడింది. కొడుకు జేమ్స్ పి. హోఫా 1998 చివర్లో తండ్రి కుర్చీకి ఎన్నికై, 2022 దాకా సంఘాన్ని నడిపాడు. ఈ లోపు, ముఠాల పట్టు వదిలించడానికి కేంద్ర ప్రభుత్వం సంఘం మీద దావా వేసి, 1989లో రాజీ కుదుర్చుకుని కోర్టు పర్యవేక్షణలోకి తెచ్చింది. అధ్యక్షుడిని సభ్యులే నేరుగా ఓటేసి ఎన్నుకునే పద్ధతి అలా వచ్చింది.

ప్రొవెంజానో 1988లో, జాకలోన్ 2001లో, ఓబ్రయన్ 2020లో చనిపోయారు. రెడ్ ఫాక్స్ మూతపడి, ఆ భవనంలో వేరే రెస్టారెంటు వచ్చింది. ఎఫ్‌బీఐ ఈ కేసును ఇంకా మూసివేయలేదు.